తడితే పడిపోయే ఈగలు

అనగనగనగా, మీ అమ్మమ్మకు అమ్మమ్మ ఇంకా పలక పట్టని రోజుల్లో, నీలకోన అనే రాజ్యం ఉండేది. అక్కడ ఏటి ఒడ్డున ఒక బడి ఉండేది. దాని పేరు ఈగల బడి.

ఊళ్ళో వాళ్ళు నవ్వేవారు. "మనం ఇంట్లో ఈగలు తోలుకుంటుంటే, వీళ్ళు సీసాల్లో పెట్టి మేపుతున్నారమ్మా!" అనేవారు.

నవ్వితే నవ్వనీ. ఆ బడిలో చదివిన వాళ్ళనెవరినైనా కదిపి చూడండి. ముందు వాళ్ళకు జావ వాసన గుర్తొస్తుంది. జొన్నపిండి, బెల్లం, కాస్త కల్లు మడ్డి వేసి కాచిన జావ. మాగిన అరటిపండు మీద మూగే చిన్న ఈగలకు అదే కూడు. తర్వాత, సీసాలకు పెట్టే దూది బిరడాలు గుర్తొస్తాయి. పొద్దు పొడిచేసరికి వచ్చి కూర్చుని, అప్పుడే పుట్టిన ఆడ ఈగలను కోడి ఈకతో మెల్లగా వేరు చేసిన ఉదయాలు గుర్తొస్తాయి. ఆలస్యమైతే అవి మగ ఈగలతో కలిసిపోతాయి. ఇక ఏ పిల్ల ఎవరి పిల్లో చెప్పలేం.

మనిషి తాత నుంచి మనవడి దాకా చూడాలంటే ఒక జీవితం పడుతుంది. ఈగల్లో నెల రోజులు చాలు. అందుకే ఆ బడి.

బడి గోడ మీద బొగ్గుతో ఒక మాట రాసి ఉండేది: తట్టి చూడు, తర్వాత నమ్ము. ఎవరు రాశారో తెలియదు. చెరిపే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ బడిలో ఒక వింత జాతి ఈగలుండేవి. సీసాను అరచేత్తో గట్టిగా తడితే, మామూలు ఈగలు ఎగిరి పైకి పాకుతాయి. ఇవి మాత్రం వెల్లకిలా పడి, కాళ్ళు కొట్టుకుని, కాసేపటికి లేస్తాయి. ఒకసారి పడి లేచిన ఈగ గడియసేపు ఎంత తట్టినా మళ్ళీ పడదు. అందుకే తట్టబోయే ముందు సీసాకు కుదుపు తగలకూడదు. కొత్త పిల్లలకు చెప్పే మొదటి పాఠం ఇదే.

ఇక ఆ రాజ్యంలో ఒక చట్టం ఉండేది. బిడ్డకు మూర్ఛ వస్తే అది తల్లి పాపమట. ఆ తల్లిని ఏరు దాటించి వెళ్ళగొట్టేవారు. బిడ్డను ఇవతలే ఉంచేసేవారు. ఆ చట్టం రాసినవాళ్ళెవరూ బిడ్డను కనలేదు. కన్నవాళ్ళెవరినీ చట్టం రాయనివ్వలేదు.

ఈగలకు జావ కాచే ఆమె కూతురు నూకాలు ఆ బడిలోనే చదివేది. నూకాలుకు పైడమ్మ అనే అక్క. ఆ అక్కకు బంగారి అనే మూడేళ్ళ కూతురు. ఒకనాడు బంగారి ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. మర్నాడే పైడమ్మ గుమ్మంలో భటులు నిలబడ్డారు.

బడి పెద్ద పేరిందేవమ్మ కర్ర ఊతంగా రాజుగారి సభకు నడిచి వెళ్ళింది.

"ప్రభూ, మా దగ్గర తడితే పడిపోయే ఈగలున్నాయి. ఆ పడిపోవడం తల్లి నుంచి వస్తుందో, తండ్రి నుంచి వస్తుందో తేల్చి చెబుతాం. నలభై రోజులివ్వండి," అంది.

"ఈగ మనిషవుతుందా?" అన్నాడు మంత్రి.

"కాదు బాబూ. కానీ మీరు చట్టం రాసేటప్పుడు ఈగనైనా అడగలేదు కదా."

రాజు నవ్వలేదు. "ఈ చట్టం నేను పెట్టింది కాదు. నా తల్లికే తప్పలేదు," అన్నాడు. "సరే, నలభై రోజులు. అప్పటికి తేలకపోతే పైడమ్మ ఏరు దాటాలి."

పేరిందేవమ్మ ముగ్గురిని పిలిచింది. మంత్రి కొడుకు కీర్తివర్మ, రత్నాల వర్తకుడి కొడుకు మణిగుప్తుడు, మన నూకాలు. ఒక్కొక్కరికి రెండు సీసాలు ఇచ్చింది. తల్లి సీసాలో పడిపోయే తల్లి, నిలబడే తండ్రి. తండ్రి సీసాలో పడిపోయే తండ్రి, నిలబడే తల్లి.

పన్నెండు రోజులకు పిల్ల ఈగలు వచ్చాయి. తడితే ఒక్కటీ పడలేదు.

"పోయిందన్నమాట," అన్నాడు మణిగుప్తుడు.

"పోయిందో, దాక్కుందో! మనవలు రానీ," అంది పేరిందేవమ్మ.

మనవలు వచ్చాయి. నలభయ్యో రోజు కూడా వచ్చింది.

సభలో మొదట కీర్తివర్మ తట్టాడు. తల్లి సీసాలో నాలుగింట ఒకటి పడింది. తండ్రి సీసాలో ఒక్కటీ పడలేదు. "తల్లి పాపమే!" అని మంత్రి తొడ చరిచాడు.

పేరిందేవమ్మ భూతద్దం పెట్టి చూసింది. "తల్లి సీసాలో నూరున్నాయి. తండ్రి సీసాలో డెబ్బై అయిదే ఉన్నాయేం నాయనా?"

"చచ్చిపోయాయి గురువమ్మా."

"పడినవాటిని ఏరి నూనె గిన్నెలో వేస్తే చావక ఏం చేస్తాయి? ఈ పొద్దున ఆ గిన్నె కడిగింది నేనే."

రెండోవాడు మణిగుప్తుడు ఉత్త తాటాకు పట్టుకొచ్చాడు. "తల్లి సీసాలో సగం, తండ్రి సీసాలో సున్న," అని చదివాడు.

"ఈగలేవి?" అన్నాడు రాజు.

"బిరడా జారి ఎగిరిపోయాయి ప్రభూ. కానీ దస్తూరి చూడండి, ముత్యాల్లా రాయించాను!"

సభంతా గొల్లుమంది.

ఇక నూకాలు వంతు వచ్చింది. రెండు సీసాలూ గుండెకు హత్తుకుని మెట్లెక్కుతోంది. పక్కన భటుల నడుమ పైడమ్మ నిలబడి ఉంది. "పిన్నీ!" అంటూ బంగారి పరుగున వచ్చి నూకాలు కాళ్ళకు చుట్టుకుంది. నూకాలు తూలింది. తల్లి సీసా స్తంభానికి ఠంగుమని తగిలింది. పగల్లేదు. లోపల కొన్ని ఈగలు పడి, కొట్టుకుని, లేచాయి.

నూకాలు తప్ప ఎవరూ చూడలేదు.

ఆమె తండ్రి సీసా తట్టింది. నాలుగింట ఒకటి పడింది. తల్లి సీసా తట్టింది. ఒక్కటీ పడలేదు.

"అయితే పాపం తండ్రిదన్నమాట!" అన్నాడు రాజు. "పైడమ్మను వదలండి. ఆమె మొగుణ్ణి ఏరు దాటించండి."

పైడమ్మ మొగుడు అప్పన్న పడవ నడుపుకునేవాడు. ఆ మాట వింటూనే మూల నిలబడ్డచోటే కూలబడ్డాడు. పైడమ్మ మాత్రం బిడ్డను ఎత్తుకుని, నలభై రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

నోరు మూసుకుంటే చాలు. అక్క ఇంటికొస్తుంది. నూకాలుకు ఆ ముఖం కనిపిస్తోంది. బడి గోడ మీది బొగ్గు అక్షరాలూ కనిపిస్తున్నాయి.

"ప్రభూ," అంది, "ఈ తట్టు చెల్లదు."

"నోర్ముయ్యవే!" అని అరిచింది పైడమ్మ. "నీకేం పోయేకాలమే!"

"మెట్ల దగ్గర సీసా స్తంభానికి తగిలింది ప్రభూ. పడాల్సినవి అక్కడే పడి లేచాయి. ఇప్పుడు పడవు. గడియసేపు ఆగి మళ్ళీ తట్టాలి."

పేరిందేవమ్మ కర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

గడియ గిన్నెను నీళ్ళలో వదిలారు. అడుగున చిల్లున్న గిన్నె అది. నీళ్ళు ఎక్కి మునిగితే గడియ గడిచినట్టు. సభంతా దాన్నే చూస్తోంది. బంగారి తల్లి భుజం మీద నిద్రపోయింది. గిన్నె మునిగింది.

నూకాలు తట్టింది. నాలుగింట ఒకటి పడింది. తండ్రి సీసాలో ఎన్నో, తల్లి సీసాలోనూ అన్ని.

"చూశారా!" అని మంత్రి లేచాడు. "ఇద్దరిదీ పాపమే. ఇద్దరినీ దాటించండి!"

"దాటిద్దాం మంత్రిగారూ," అంది నూకాలు. "ఈ ఈగల అమ్మానాన్నలను మేం ఎన్నిసార్లు తట్టామో! ఒక్కటీ పడలేదు. అన్నీ నిటారుగా నిలబడ్డాయి, అచ్చం మీలాగే. ఆ పడిపోవడం లోపల దాగి ఉంటే పైకి తెలియదు. మా అక్కలో ఉందేమో, మా బావలో ఉందేమో, నాలో ఉందేమో. మీలో లేదని మీకెలా తెలుసు? ఎవరూ కోరి తెచ్చుకోనిది పాపం ఎలా అవుతుంది? దాన్ని లోపల మోసేవాళ్ళను వెళ్ళగొట్టాలంటే సభలో ఎంతమంది మిగులుతారో తట్టి చూద్దామా?"

మంత్రి చప్పున కూర్చున్నాడు.

రాజు కిటికీలోంచి ఏటివైపు చూశాడు.

"మా చెల్లెలికి మూర్ఛ వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు," అన్నాడు. "అమ్మ పడవెక్కుతుంటే చెయ్యి కూడా ఊపలేదు. పాపి అన్నారు, నమ్మాను."

తర్వాత నూకాలువైపు తిరిగాడు. "ఈగ మనిషి కాదని నాకూ తెలుసు. కానీ ఆ కుర్రాళ్ళిద్దరూ చెప్పిన మాట వాళ్ళకు లాభం. నీ మాట నీకే నష్టం. అందుకని నిన్ను నమ్ముతున్నాను."

ఆ పూటే చట్టం చెక్కిన రాగిరేకును కరిగించారు. ఆ రాగితో బడిలో జావ కాచే గంగాళం పోయించారు. అప్పన్న పడవ ఏరు దాటింది, ఈసారి అవతలి తల్లులను తీసుకురావడానికి. మొదటి పడవలో తల నెరిసిన ఒక ముసలామె వచ్చింది. రేవులో మోకాలి లోతు నీళ్ళలో దిగి, చిన్నపిల్లాడిలా చెయ్యి ఊపుతూ నిలబడ్డవాడు ఆ రాజే.

ఇప్పుడు ఆ బడి లేదు. గోడ కూలింది, బొగ్గు అక్షరాలు వానకు పోయాయి. కానీ ఆ ఈగల వంశం పోలేదు. రెండు వారాలకోసారి పాత సీసాలోంచి కొత్త సీసాలోకి ఎవరో ఒకరు మార్చాలి. మార్చకపోతే అంతటితో సరి. నూకాలు మార్చింది, ఆమె దగ్గర చదివినవాళ్ళు మార్చారు, వాళ్ళ తర్వాతివాళ్ళు మార్చారు. ఎక్కడైనా జొన్నజావ, బెల్లం, కల్లు మడ్డి కలిసిన వాసన తగిలితే కాస్త ఆగి చూడండి. లోపల ఎవరో సీసా తడుతూ ఉంటారు.

పిల్లలూ, ఇందులో నీతి ఇది: తమకు నచ్చని జవాబును ఎవరైనా మళ్ళీ తట్టి చూస్తారు, నచ్చిన జవాబును కూడా తట్టి చూసినవారి మాటే నిలుస్తుంది.