ఏటికి ఎన్నో వరుస?

గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి ఉండేది. అందులో నీటికుక్కలు, నక్కలు, అడవిపందులు, పీతలు కలిసిమెలిసి బతికేవి. ఒడ్డు ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు.

ఒక ఏడాది సముద్రం దాటి ఫ్రెంచి దేశపు తెల్లబాతులు వచ్చి దిగాయి. వాటి దొర రాటలు పాతించి అడవిని వరుసలుగా పంచాడు. అందరికంటే ముందు వంగి దండం పెట్టిన అడవిపంది దుంపన్నకు ఏటి ఒడ్డున మొదటి వరుస ఇచ్చాడు. ఆ ఒడ్డునే పుట్టిన నీటికుక్క పోలమ్మకు మాత్రం మూడో వరుస దక్కింది.

అప్పటినుంచి అడవిలో ఏ ఇద్దరు ఎదురుపడినా "బాగున్నావా?" అని పలకరించుకోవడం పోయింది. "ఏటికి ఎన్నో వరుస?" అని అడగడం వచ్చింది.

పోలమ్మ రోజూ సాయంత్రం బొరియ ముందు కూర్చుని ఏటి చప్పుడు కోసం చెవులు రిక్కించేది. ఈత నేర్చుకున్న రేవు, దాని పక్కన వంగిన మడచెట్టు కళ్ళలో మెదిలేవి.

ఒకనాడు ఉండబట్టలేక దుంపన్న దగ్గరికి వెళ్ళింది.

"దుంపన్నా, ఒక్కసారి నా రేవులో మునిగి వస్తాను."

"మూడో వరుసలో రేవెక్కడిదమ్మా?" అని దుంపన్న నవ్వాడు. అతను ఒడ్డు మీది మడచెట్లన్నీ కొట్టిస్తున్నాడు.

"ఎందుకన్నా కొట్టించడం?"

"మొదటి వరుస ఎవరిదో దారిన పోయే పడవలకు తెలియొద్దూ?"

"ఒడ్డును పట్టుకున్నది ఆ వేళ్ళేనన్నా. ఆ వంగిన చెట్టునైనా ఉంచు."

"బురదలో ఉండేదానివి, ఏటి సంగతి నీకెందుకు?"

వంగిన చెట్టూ కూలింది. పోలమ్మ దాని కాయలు ఏరుకుని, తన బొరియ చుట్టూ బురదలో నాటుకుంది. చెట్టు లేకపోయినా దాని నీడయినా దగ్గరుంటుందనుకుంది.

మొక్కలు చెట్లయ్యాయి. ఒక వానాకాలం పెద్ద వరద వచ్చింది. ఏరు మొదటి వరుసను కోసేసింది, రెండోదాన్నీ మింగింది. పోలమ్మ నాటిన చెట్ల వేళ్ళ దగ్గరికి వచ్చి ఏరు ఆగిపోయింది. తెల్లబాతులు ఎగిరిపోయాయి. దుంపన్న తడిసి ముద్దయి వచ్చాడు.

"ఇప్పుడు నీదే మొదటి వరుస, పోలమ్మా. నన్ను వెనక్కి పొమ్మంటావా?"

"రాటలే కొట్టుకుపోయాయి. ఇంకా వరుసలేమిటన్నా? లోపలికి రా."

అతను నిద్రపోయాక పోలమ్మ గుమ్మం ముందే నీళ్ళలోకి జారింది. ఎన్నాళ్ళకో ఏరు ఒంటికి తగిలింది. తన రేవు దాకా ఈదుకుంటూ వెళ్ళింది. అక్కడ రేవు లేదు, నీళ్ళే ఉన్నాయి. తెల్లారేదాకా అక్కడే తిరుగుతూ ఉండిపోయింది.

నీతి: ఎవరో గీసిచ్చిన హద్దు చూసుకుని మిడిసిపడేవాడు కాళ్ళకింది నేలను పోగొట్టుకుంటాడు, నేలను ప్రేమించినవాడే దాన్ని నిలుపుతాడు.