సూరాంబ సొరబుర్రలు

అనగనగా, పిల్లలారా, మన కొండకు అవతలనున్న వెదురు అడవిలో బంగారమ్మ అను ముళ్ళపంది ఉండెను. ఒక ఏడు వరద వచ్చి అడవినంతటిని ముంచినప్పుడు, ఆమె ఎండిన సొరబుర్రనొకదానిని కౌగిలించుకొని, తేలుచు వచ్చి గట్టెక్కెను. ఆ బుర్రలోని విత్తనములే అడవికి మిగిలెను. ఆమె పెద్ద కుమార్తె మాణిక్యాంబ. కరవు కాలమున మాణిక్యాంబ ఎండుటాకులు నమిలెనే గాని, విత్తనపు కాయను ముట్టలేదు. చిన్న కుమార్తె కామాంబ. తన పాలి విత్తనములలో సగము, తమతో పోరాడిన అడవిపందులకు సైతము పంచిన తల్లి ఆమె. అటువంటి ఇంట మాణిక్యాంబకు పుట్టినది మన సూరాంబ.

ఆ అడవి జంతువులన్నియు కలిసి ఒక తోట సంఘమును పెట్టుకొన్నవి. వసంతము వచ్చెనా, వాటికి చేతినిండ పని. ముళ్ళపందులు నేల త్రవ్వును. కుందేళ్ళు కలుపు తీయును. కోతులు పందిళ్ళు వేయును. ఆ తోటకొక కట్టుబాటు ఉండెను. సొరతీగకు కాచిన తొలికాయ విత్తనమునకే గాని, నోటికి కాదు. దానిని తీగమీదనే ఎండనిత్తురు. చైత్రమున సూరాంబ ఆ బుర్రను చెవివద్ద ఊపి చూచును. గింజలు గలగలమన్నచో పగులగొట్టి, ఇంటింటికి గుప్పెడు పంచును.

ఆ ఏడు చైత్రము వచ్చెను. సూరాంబ పందిరికి మూడు బుర్రలు వ్రేలాడుచుండెను. ఊపి చూచెను. గలగలమనలేదు. లోపల ఇంకను పచ్చి ఆరలేదు.

అప్పుడే సంఘమునకు నెమలి క్రొత్తగా పెద్ద అయ్యెను. పొరుగు అడవినుండి ఎలుగుబంటి పున్నమినాడు తోటలు చూడ వచ్చుననియు, అన్నిటికన్న అందమైన తోటకు తేనెపట్టు బహుమానముగా ఇచ్చుననియు కబురు వచ్చెను. నెమలి పింఛము విప్పుకొని సూరాంబ పందిరివద్దకు వచ్చెను. దాని వెనుకనే కుందేలు చెవులయ్య.

"సూరాంబగారూ, పైన ఆ ఎండు బుర్రలేమిటండీ? చూడలేక చస్తున్నాం. దించెయ్యండి" అనెను నెమలి.

"అవి విత్తనపు కాయలు నాయనా. గింజ ఆరేవరకు దించను" అని సూరాంబ మృదువుగానే చెప్పెను.

మరునాడు నెమలి సంఘమును సమావేశపరచెను.

"విత్తితే ఎప్పటికి మొలవాలి? ఎప్పటికి పూయాలి? ఏటి అవతలినుంచి పూలకొమ్మలు విరుచుకొద్దాం. నేలలో గుచ్చేద్దాం. ఈ పందిళ్ళన్నీ పీకేద్దాం. సరేనన్నవాళ్ళు చెవులెత్తండి!"

సూరాంబ తప్ప అందరును ఎత్తిరి. చెవులయ్య రెండు చెవులును ఎత్తెను.

"ఒక్కటి చాలురా అబ్బీ, నిన్ను ఇద్దరనుకుంటారు" అనెను సూరాంబ. పిమ్మట లేచి నిలిచి, "వేరు లేనిది తోట ఎట్లా అవుతుంది? నేను ఒప్పుకోను" అని పలికెను. ఎవరును ఆమెవైపు చూడలేదు.

మూడవనాడు నెమలి మెడ నిక్కించుకొని వచ్చెను. "బుర్రలైనా దించండి, తోటైనా విడవండి."

సూరాంబ వీపుమీది ముళ్ళన్నియు ఒక్కసారిగా గరగరమని లేచెను. చెవులయ్య గభాలున నెమలి చాటుకు పోయెను.

"మా అమ్మ ఆకలితో నకనకలాడుతూ కూడా ముట్టని కాయ ఇది. నీ తేనెచుక్క కోసం నేను దించనా? తోటే విడుస్తాను."

"కంచె అవతల ఆ రాళ్ళల్లో ఒక్కదానివీ ఏం చేస్తావత్తా?" అని చెవులయ్య చాటునుండియే అడిగెను.

"తవ్వుతాను" అనెను సూరాంబ.

పచ్చి ఆరని మూడు బుర్రలను తీగతో సహా ముళ్ళకు తగిలించుకొని, ఆమె తోట చుట్టునున్న వెదురు కంచె దాటెను. వెనుక తన తల్లి నాటిన పందిరిగుంజలు విరుగుచున్న చప్పుడు వినబడెను. ఆమె ముళ్ళు ఒక్క క్షణము వాలెను. అయినను వెనుదిరిగి చూడలేదు.

పది దినములు ఆమె రాళ్ళు ఏరెను. గోళ్ళు చీలినవి. పదునొకండవనాడు ఒక బుర్రను ఊపగా గలగలమనెను! పగులగొట్టి విత్తెను. ఆ రెండు చిప్పలతోనే వాగునీరు మోసి పోసెను.

పున్నమినాడు ఎలుగుబంటి వచ్చెను. బారులు తీరిన పూలకొమ్మలను చూచి మురిసి, తేనెపట్టు ఇచ్చెను.

"అత్తా! గెలిచాం!" అని చెవులయ్య కంచెమీదుగా కేకవేసెను.

"మంచిది. వేళ్ళొచ్చాయా?" అని సూరాంబ అడిగెను. చెవులయ్య చెవులు దించుకొని పోయెను.

తేనె సాయంత్రమునకే అయిపోయెను. మూడవనాటికి పూలు వాడెను. వారము తిరుగకముందే కొమ్మలు పుల్లలయ్యెను. విత్తుదమన్న ఎవరి ఇంటను గింజ లేదు. జ్యేష్ఠమాసపు ఎండలకు అడవి మాడిపోయెను. కంచెకు ఆవల సూరాంబ ఏరిన రాళ్ళనడుమ మాత్రము ఒక పందిరి పచ్చగా నిలిచెను. దానినిండ లేత సొరకాయలు.

మొదట చెవులయ్య వచ్చెను, నలుగురు పిల్లలతో.

"అత్తా, రెండు రోజులుగా వీళ్ళు ఏమీ తినలేదు."

"పిల్లలు తినాలి. నువ్వు మాత్రం ముందు ఒక మాట చెప్పు. గడ్డిపోచ కట్టి ఉంది చూడు, ఆ కాయ ఎవరిది?"

చెవులయ్య తలయెత్తి చూచెను. "అది... తొలికాయ. విత్తనానిది అత్తా."

"ఇక తిను."

ఆ వెనుక ఒక్కొక్కరుగా అందరును వచ్చిరి. అందరిని ఆమె అదే అడిగెను. చివరకు ఈకలు రాలిన నెమలి వచ్చెను. పింఛము విప్పలేదు.

"తప్పు నాదే అవ్వా. మీ చోటు మీకు వదిలేస్తాం. తోటలోకి రండి."

సూరాంబ చీలిన గోళ్ళతో ఒక కాయ త్రుంచి నెమలి ముందు పెట్టెను.

"తిను నాయనా. నేను మాత్రం జరగను. కంచెను జరపండి."

నెమలి కంచె వద్దకు పోయి, మొదటి వెదురును తన ముక్కుతోనే పెకలించెను. చీకటి పడకమునుపే కంచె సూరాంబ పందిరికి ఆవలకు జరిగెను.

సూరాంబ మరి మూడు వసంతములు జీవించెను. తన మనుమరాలికి ఆమె అప్పగించినవి ఇవి: ఆ ఏడు ఎండిన మూడు సొరబుర్రలు, రెండు నీటి చిప్పలు, రాళ్ళు ఏరిన ఒక మడి. బుర్రను చెవివద్ద ఊపి వినుట నేర్పెను. కంచెను ఎవరును మరల వెనుకకు జరుపలేదు.

నీతి: న్యాయమని ఎరిగిన దానికొరకు ఒంటరిగానైనను నిలువవలెను, నిలిచి కాపాడిన దానిని, కాదన్నవారికి సైతము పంచవలెను.