ఎదురు కోల

సింహాద్రాచారి గారు వాదించరు. శిష్యులు ప్రశ్న వేస్తే చెప్పులు తొడుక్కుంటారు. బొబ్బిలిలో ఆయన కొందరికి కంప్యూటరు పని నేర్పుతారు. అక్కడ రాసిన ప్రతి ప్రోగ్రామునూ విప్పి నలుగురి ముందు పెట్టాలి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, దిద్దవచ్చు. అది ఆయన కట్టడి.

ఆయన శిష్యురాలు గౌరీశ్వరి ఒక వెబ్ యాప్‌కు పథకం వేసి, తయారుచేసింది. గుంపులోని వాళ్ళంతా తమ తీరిక వేళలు చెబితే, ఎక్కువమందికి కుదిరే వేళను అది ఎంచుతుంది. ముందుగా తన వీధి కోలాటం ఆడవాళ్ళకు ఇచ్చి చూసింది. సాధన ఆదివారం ఉదయమని యాప్ తేల్చింది. పైడితల్లి ఒక్కతే కుదరదంది.

“ఒక్కరి కోసం అందరూ ఆగడం న్యాయమా, గురువుగారూ?” అని అడిగింది గౌరీశ్వరి.

ఆచారి గారు చెప్పులు తొడుక్కుని, ఆమెను సాధన జరిగే చోటికి తీసుకుపోయారు. ఆ రోజు ఆదివారమే. అదే వేళకు పైడితల్లి బజారులో చేపలు అమ్ముకుంటోంది. ఆ పూట బేరం పోతే ఆమెకు వారం గడవదు.

కోలాటంలో ప్రతి కోలకూ ఎదురు కోల ఉండాలి. పైడితల్లి చోటుకు ఎదురుగా ఉన్న మాలచ్చి కోల గాలిని కొట్టింది. వరస తిరిగింది. ఆ ఖాళీ ఇంకొకరి ఎదుటికి వచ్చింది, తర్వాత మరొకరి ఎదుటికి. పాట ఆగిపోయింది.

“ఏటమ్మా, నీ కంప్యూటరుకి కోలాటం రాదేటి?” అంది మాలచ్చి. “పైడితల్లి మరి రానని కోలలు పంపించేసింది. అమ్మవారి పండగ దగ్గరికొచ్చేసింది. ఇప్పుడేటి సేస్తాం?”

అందరూ నవ్వారు. గౌరీశ్వరి తల దించలేదు. “తప్పు నాదే, పిన్నీ” అంది. తిన్నగా బజారుకు వెళ్ళి, చేపల బుట్ట పక్కన కూర్చుని, పైడితల్లి తీరిక కనుక్కుంది. వచ్చి పథకం మార్చింది. ఇప్పుడు యాప్ మొట్టమొదట ఎవరెవరు ఎప్పుడు రాలేరో అడుగుతుంది. ఒక్కరు మిగిలిపోయినా ఇంకో వేళ వెతకమంటుంది. మొదట తాను చేసిన తప్పేమిటో కూడా అందరూ చదివేలా ప్రోగ్రాము పైనే రాసిపెట్టింది. తప్పు దాచుకునేవాడికి పని రాదు.

గురువారం మధ్యాహ్నం కుదిరింది. కొందరు నిద్ర చెడిందని గొణిగారు, అయినా వచ్చారు. పైడితల్లి కూడా వచ్చి వరసలో నిలబడింది.

“సెయ్యి కడుక్కున్నావా, వదినా?” అంది మాలచ్చి.

“నీ కోలకి వాసన అంటుకోదులే, కొట్టు!”

కోలలన్నీ ఒక్కసారిగా మోగాయి.

గౌరీశ్వరి నిటారుగా నిలబడింది. కష్టపడి దిద్దుకున్న పని మీద గర్వం ఉండవలసిందే. “ఒక్కరూ మిగలలేదు, గురువుగారూ. ఇక ఇందులో దిద్దవలసింది ఏమీ లేదు.”

ఆచారి గారి ముఖంలోనూ ఆ గర్వం కనబడింది.

“ఈ వీధికి లేదమ్మా” అన్నారు. “ఇంకో వీధివాళ్ళు వచ్చి దిద్దుకునేలా తలుపు మాత్రం తీసే ఉంచు.”