మల్లాచారి బాడిశ

దైవాధీనం మాస్టారు నలభై ఏళ్లు కూర్చుని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు రాశారు. ప్రతి మాట కిందా అది ఎలా పుట్టిందో ఒక వరుస. పుస్తకం మరీ లావైంది, ఆ పుట్టుక వరుసలు తీసేస్తే బాగుంటుందని అచ్చాఫీసువాళ్లు కబురు చేశారు. "నా కళ్లకిక ఓపిక లేదు. ఉంచాలో తియ్యాలో నువ్వే చూడు నాయనా," అని మాస్టారు కాగితాలన్నీ శిష్యుడి ముందు పెట్టేశారు.

శిష్యుడు ముకుందం ఎమ్మే చదివాడు. ఎమ్మే చదివినట్టు నడుస్తాడు కూడా. ఎనిమిది వేల వరుసలూ వారంలో ఎగరగొట్టేద్దామని ఎర్ర పెన్సిలు చెక్కుకున్నాడు.

"హ్యాండ్‌సమ్ అంటే అందగాడు. అంతేకదా మాస్టారూ? మీరేమో 'చెయ్యి' అన్న మాటకి 'సమ్' అన్న తోక తగిలి, 'చేతికి ఒదిగేది' అన్న అర్థంతో పుట్టిందని రాశారు. చేతికీ అందానికీ ఏమిటి సంబంధం? ఎవరిక్కావాలి ఇదంతా?"

మాస్టారు లేచారు. చెప్పులేసుకుని, అతన్ని వీధి చివర వడ్రంగి మల్లాచారి పాకకి తీసుకెళ్లారు.

"ఆచారీ, నీ బాడిశ ఒకసారి మావాడి చేతికియ్యి."

మల్లాచారి మొహం మాడ్చుకున్నాడు. దుంగ చెక్కే బాడిశని అతను పరాయి చేతికివ్వడు. "మీరడిగారు కాబట్టి ఇస్తున్నా మాస్టారూ," అని గొణిగి ఇచ్చాడు.

పిడి నల్లగా, వంకరగా ఉంది. తండ్రి చేతికింద ఇరవై ఏళ్లు, మల్లాచారి చేతికింద ముప్ఫై ఏళ్లు అరిగిందట. ముకుందం ఒక్క దెబ్బ వేశాడు. బాడిశ చేతిలో తిరగబడి దుంగ మీంచి జారింది. కాస్తలో కాలికి తగలడం తప్పింది.

మల్లాచారి దాన్ని లాక్కున్నాడు. పిడి వెళ్లి అరచేతిలో కూర్చుంది. చెయ్యి ఎక్కడ ఆగిందో, కొయ్య ఎక్కడ మొదలైందో తెలియలేదు. దుంగ మీంచి ఉల్లిపొరంత పలచటి పేడు లేచింది, దాని వెనకే ఇంకొకటి. బొజ్జ, మశూచి మచ్చల మొహం, మూడు రోజుల గడ్డం. వచ్చినప్పుడు ముకుందం ఆ మనిషిని సరిగా చూడనైనా లేదు. ఇప్పుడు చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఎంత అందంగా ఉన్నాడు!" అన్నాడు, తనకు తెలియకుండానే.

అన్నాక ఉలిక్కిపడ్డాడు. ఎన్ని వందల ఏళ్ల కిందటో, ఏ దేశంలోనో, ఎవరో ఇలాగే ఒక చేతి ముందు నోరు తెరుచుకుని నిలబడి 'హ్యాండ్‌సమ్' అని ఉంటారు.

మాస్టారి వైపు తిరిగాడు. "మాస్టారూ, ఎనిమిది వేల మాటల వెనకా ఇలా ఒక్కో మనిషి ఉన్నాడా?"

"ఏమో నాయనా," అన్నారు మాస్టారు. "నాకు కనిపించినవాళ్లనే రాశాను."