వాగు మధ్యలో మంత్రిగారి పల్లకి

రాజుగారు కదలరు గానీ, మంత్రులు మాత్రం తోటకూరకన్నా ముందే వాడిపోయే దీవి ఒకటుండేది. అక్కడ నీలం తలపాగా మంత్రి పోయి ఎర్ర తలపాగా మంత్రి వచ్చాడు.

పల్లకి మోసే దాలయ్యకి తలపాగాల రంగుతో పనిలేదు. వాగు మీది వంతెన కూలిపోయింది. కూతురేమో నిండు చూలాలు, మంత్రసాని ఉండేది అవతలి ఒడ్డున. పల్లకి ఎక్కబోతున్న కొత్త మంత్రికి దండం పెట్టి సంగతి చెప్పుకున్నాడు.

"అది పాత మంత్రి చేసిన పాపమోయ్! ఆయన వదిలేసిన వాటితో నాకేం సంబంధం? పదండి!" అన్నాడు మంత్రి, ఒడ్డున ఉన్న జనానికి చెయ్యూపుతూ.

బోయీలు "ఓహోం ఓహోం" అంటూ వాగులో దిగారు. నీళ్ళు మొలలోతుకి రాగానే దాలయ్య ఆగిపోయాడు.

"ఏరా, భుజం మార్చుకుంటారా?"

"లేదు బాబయ్యా, దించేస్తాం. మమ్మల్ని కొలువులో పెట్టింది పాత మంత్రిగారు. ఈ పల్లకీ ఆయన చేయించిందే. ఆయన వదిలేసిన వాటితో తమకేం సంబంధం?"

పల్లకి అడుగుకి నీళ్ళు తగిలాయి. మంత్రి కాళ్ళు ముడుచుకుని, "ఒరేయ్, ఎత్తండ్రా! వంతెన నాదే, కట్టిస్తా! అందాకా మంత్రసానిని ఈ పల్లకిలోనే తెచ్చుకో!" అని అరిచాడు.

"కాస్త గట్టిగా సెలవియ్యండి బాబూ, ఒడ్డున జనానికి వినపడలేదు."

ఆ దీవిలో ఒక మంత్రి ఏదైనా తనదని ఒప్పుకోవడం అదే మొదలు. అదీ పట్టుపంచె తడిశాకే.