ఇసకలో దాచిన కంద

అనగా అనగా ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దది సూరమ్మ, చిన్నది నాంచారమ్మ. నోట్లోంచి వేలు తియ్యి, లేకపోతే కథ ఆపేస్తా.

వాళ్ళ అత్తగారు పెరడు రెండు చేసి, చెరో సగంలో కంద పాతమంది. కంద తవ్వాక కడగకూడదు. మట్టి దులిపి పొడి ఇసకలో దాచాలి. మళ్ళీ వైశాఖంలో పాతేనాటికి ఎవరి కంద కుళ్ళకుండా ఉంటే పెరడంతా వాళ్ళ చేతికే అంది. సూరమ్మకి ఆ పెరడు కావాలి. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ కావాలి.

ఆ తర్వాత కంద ఊరింది. చిన్నదాని గడ్డలు గుమ్మడికాయంత, పెద్దదాని గడ్డలు కొబ్బరికాయంత. ఇద్దరూ వేసింది ఒకే పేడ, పోసింది ఒకే నూతి నీళ్ళు. ఏం చేస్తాం? సూరమ్మకి కడుపుమంట పట్టుకుంది. నాంచారమ్మ నవ్వితే మంట, పాడితే మంట, మారు అన్నం వడ్డించుకున్నా మంటే.

వసారాలో చెరో మూలా ఇసక పోసి ఎవరి కంద వాళ్ళు కప్పెట్టుకున్నారు.

అప్పుడు సూరమ్మ ఏం చేసిందో తెలుసా? మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే చిన్నదాని ఇసకలో చెంబెడు నీళ్ళు పోసింది. మర్నాడు ఇంకో చెంబు. మూడోనాడు ఏకంగా బిందెడు. సిగ్గులేని మనిషి.

వైశాఖం వచ్చింది. అత్తగారు ముందు చిన్నదాని మూల తీయించింది. గుప్పుమని కంపు కొట్టింది. కందంతా జావైపోయింది. నాంచారమ్మ గోడ పట్టుకుని ఏడ్చింది. సూరమ్మకి లోలోపల ఎంత సంతోషమో.

ఆ తర్వాత పెద్దదాని మూల తీశారు. గుమ్మడికాయంత గడ్డలు బయటపడ్డాయి. సూరమ్మ తెల్లబోయింది.

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుని చెప్పింది. "గడ్డలు ఊరలేదని నువ్వు బెంగపడుతుంటే, కప్పెట్టిన రోజే నావి నీ మూలలో పెట్టేశానక్కా. నీవి నేను తెచ్చుకున్నా. నీ కంద నా దగ్గర పాడైపోయింది, నన్నేం అనుకోకు."

అత్తగారు మాత్రం గడ్డలు ఎవరివైనా దాచిన మూల సూరమ్మది, ఇచ్చిన మాట మాటే, పెరడు సూరమ్మదే అంది. నోరు మెదపకపోతే చాలు, పెరడు తనదే. సూరమ్మ వెళ్ళి నాంచారమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు పోసింది నేనే చెల్లీ," అంది.

నాంచారమ్మ ఏం చేసిందంటావా? మూడురోజులు సూరమ్మ మొహం చూళ్ళేదు. చూడకపోతే తప్పేముంది? నేనైతే మూడేళ్ళు చూడను. నాలుగోనాడు కత్తిపీట తెచ్చి సూరమ్మ ముందు పెట్టింది. "పాతడానికి కంద నువ్వు కొయ్యి. ముక్కలకి పేడ నేను పట్టిస్తా," అంది.

కథ వెళ్ళింది కంచికి,
కంద వెళ్ళింది కుండకి,
మనమొచ్చాం ఇంటికి,
నిద్రొచ్చింది కంటికి.