మూడు కొలనుల దీవి, ఒక్క ముంత

అనగా అనగా, వానలు సరిగ్గా పడని ఒక మెట్టదేశం ఉండేదంట. ఆ దేశానికి ఒక రాజు, ఒక రాణి. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణిభద్రుడు, రెండోవాడు శీలభద్రుడు, చిన్నవాడు గుణభద్రుడు.

నీళ్ళు తక్కువ కదా, అందుకని ఆ దేశంలో రెండు కట్టుబాట్లు ఉండేవి. పరాయిచోట నీళ్ళు కనిపిస్తే ఒక ముంతెడు ఇంటికి తేవాలి. ఆ నీళ్ళతో తల్లి గడప కడుగుతుంది. ఇంకోటేమో, ముంతలో నీళ్ళు నేలమీద పారబొయ్యకూడదు. ఏదో ఒక ప్రాణి నోట్లో పొయ్యాలి.

సముద్రాల అవతల మూడు కొలనుల దీవి ఉందని అందరూ చెప్పుకునేవాళ్ళు. సముద్రం ఇసకలోకి వంపు తిరిగి వచ్చి, గట్ల మధ్య నిలిచిపోయిందంట. ఒక కొలను చిలకపచ్చ, ఒకటి పాలతెలుపు, ఒకటి నేరేడుపండు రంగు.

"చూసొస్తానమ్మా" అని పెద్దవాడు ముంత పట్టుకుని బయలుదేరాడు. ఇంకా పాకుతున్న తన కూతుర్ని ముద్దుపెట్టుకుని "నీకు గవ్వలు తెస్తానే" అన్నాడు. వెళ్ళినవాడు రాలేదు.

"అన్నయ్యని తీసుకొస్తానమ్మా" అని రెండోవాడు వెళ్ళాడు. వాడూ రాలేదు.

రాణి గడప కడగడం మానేసింది. ఎంత దుమ్ము పడినా అలాగే వదిలేసింది.

చివరికి చిన్నవాడు లేచాడు. రాణి ఇంటి బావి నీళ్ళు ఒక మట్టిముంతలో పోసి, గుడ్డ కట్టి ఇచ్చింది.

"ఇద్దర్నీ తీసుకురారా కన్నా. ఒక్కడితో వస్తే నేను చూడలేను."

"ఇద్దర్నీ తెస్తానమ్మా" అని చేతిలో చెయ్యి వేశాడు.

ఏడు సముద్రాలు దాటాడు. ఏడూ ఉప్పే. ఎంత దాహం వేసినా అమ్మ ఇచ్చిన ముంత విప్పలేదు, కొబ్బరిబొండాలు తాగి నెట్టుకొచ్చాడు.

దీవి ఒడ్డు దూరం నుంచి ఎర్రగా మెరిసింది. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ పగిలిన ముంతపెంకులు! వాటి మధ్య ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. పాపం అనుకుని తిప్పి పెట్టాడు.

"బతికించావు నాయనా. నువ్వు కూడా కొలనులు చూడ్డానికేనా?" అంది తాబేలు.

"మా అన్నల కోసం."

తాబేలు ఉన్నదంతా చెప్పింది. ఈ దీవిలో నీలకంబళుడని ఒక మాంత్రికుడున్నాడు. వచ్చినవాళ్ళకి కొలనులు చూపిస్తాడు. వాడు బతికుండగా ఎవరు నీళ్ళు ముంచితే వాళ్ళు ఆ నీళ్ళలో నీళ్ళయిపోతారు. మీ పెద్దన్న పచ్చకొలనులో ఉన్నాడు, చిన్నన్న తెల్లకొలనులో ఉన్నాడు. మాంత్రికుడి ప్రాణం లకుముకి పిట్టలో ఉంది. అది ఒక్క గుక్క మంచినీళ్ళు తాగిందంటే వాడు చస్తాడు.

"అయితే నా దగ్గర మంచినీళ్ళున్నాయిగా!"

"తొందరపడకు నాయనా. వాడు చస్తే గట్లు తెగుతాయి, కొలనులు సముద్రంలో కలిసిపోతాయి. ఇంటినీళ్ళు పీల్చిన మట్టిముంతలోకి ఎవరి నీళ్ళు పడితే వాళ్ళే తిరిగి మనిషవుతారు. అదీ సొంతింటి గడపమీద పోస్తేనే."

"ముంత ఒక్కటే ఉంది. అన్నలు ఇద్దరు. కలిపి పడితే?"

"కలిపితే ఇద్దరూ దక్కరు" అంది తాబేలు. దానికీ కన్నీళ్ళు వచ్చాయి.

అంతలో నీలకంబళుడు నవ్వుకుంటూ వచ్చేశాడు. "రండి బాబూ రండి! ఎంత దూరం నుంచి వచ్చారో! కళ్ళారా చూడండి!"

పచ్చకొలను చూపించాడు. "ముంతెడు పట్టుకోండి." గుణభద్రుడు వద్దన్నాడు. తెల్లకొలను చూపించాడు. "ముంతెడు పట్టుకోండి." వద్దన్నాడు. నేరేడురంగు కొలను దగ్గరికి తీసుకెళ్ళాడు. అందులో ఎవరూ లేరు. గట్టుమీద గెడకి కట్టిన లకుముకి పిట్ట నోరు తెరుచుకుని ఉంది.

"ఇది మీకోసమే ఉంచాను బాబూ. ముంచుకోండి."

"ముంత నిండుగా ఉందయ్యా. ముందు ఖాళీ చెయ్యాలి."

"పారబొయ్యండి, దానిదేముంది!"

"మా దేశంలో నేలమీద పొయ్యం. ప్రాణి నోట్లో పోస్తాం" అంటూ ముంత పిట్ట నోట్లో వంచాడు.

"పిట్టకొద్దు! పిట్టకొద్దు!" అని అరుస్తూనే నీలకంబళుడు ఇసకలో ఇసకయ్యాడు. పిట్ట ముంతంతా తాగి ఎగిరిపోయింది.

ఫెళఫెళమని గట్లు తెగడం మొదలైంది. గుణభద్రుడు పరుగెత్తాడు. దారిలో ముందు తెల్లకొలను వచ్చింది. ఏ అన్న ముందొస్తే ఆ అన్ననే పడదామని మనసు రాయి చేసుకుని ముంత ముంచబోయాడు.

"నన్ను కాదురా చిన్నోడా" అన్నాయి నీళ్ళు. అది శీలభద్రుడి గొంతు. "అన్నయ్య దగ్గరికి పో. పిల్ల గవ్వలు గవ్వలని ఏడుస్తూంటే చూసి వచ్చాను."

"అన్నయ్యా, అమ్మకేం చెప్పను?"

"ఇక్కడ నాకు బాగుందని చెప్పు. వెళ్ళరా, గట్టు పోతోంది!"

గుణభద్రుడు ఏడుస్తూ పచ్చకొలనుకి పరుగెత్తి ముంత నింపాడు. వెనక తెల్లటి నీళ్ళు సముద్రంలో కలిసిపోయాయి.

ఇంటికొచ్చి దుమ్ముపట్టిన గడపమీద ముంత వంచితే మణిభద్రుడు లేచి నిలబడ్డాడు. అప్పటికి నడక నేర్చిన కూతురు తండ్రిని గుర్తుపట్టక తల్లి చాటుకి పోయింది. రాణి పెద్దకొడుకుని కావలించుకుంది. అతని భుజంమీదుగా దారివైపు చూసింది.

"నా రెండోవాడేడిరా?"

"సముద్రపు నీళ్ళలో కలిసిపోయాడమ్మా. అక్కడ బాగుందన్నాడు."

"చిన్నప్పుడు చెంబుడు నీళ్ళు పోస్తేనే ఏడ్చేవాడు. బాగుందని వాడే అన్నాడా?"

"వాడే అన్నాడమ్మా."

ఆ ఏడాది సముద్రంవైపు నుంచి ఎప్పుడూ రానంత మబ్బు వచ్చింది. వాన పడింది. రాణి ముంత తీసుకెళ్ళి చూరుకింద పెట్టి, అది నిండేదాకా తడుస్తూ నిలబడింది. పుడిసెడు తాగి చూసింది. ఉప్పు లేదు. ఆ నీళ్ళతో గడప కడిగింది.

"ముగ్గురూ వచ్చారు" అంది.

తర్వాత గుణభద్రుడికి పెళ్ళయింది. అన్నదమ్ములిద్దరూ చాలాకాలం ఆ దేశాన్ని చల్లగా ఏలారు. అయితే పిల్లలూ, మొదటివాన పడిన రోజు మాత్రం ఆ ఇంట్లో ఎవ్వరూ గొడుగు పట్టేవాళ్ళు కాదంట.